కట్ట మీది కబురు: గేటు పోయిందంటే ఆనకట్ట పోయినట్టేనా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మామూలుగా పంట కాలువల పూడిక గురించో బోరుబావుల గురించో అడుగుతారు. ఈసారి వచ్చిన వాటిలో సగానికి పైగా ఫోన్లలో తిరిగే కబుర్ల గురించే ఉన్నాయి. ఆనకట్ట తెగిందట, గేటు కొట్టుకుపోయిందట, ఊరు మునుగుతుందట. నీటిపారుదల శాఖలో 34 ఏళ్లు పనిచేసినవాడిని కాబట్టి ఇందులో ఏది నిజమో నన్నే తేల్చమంటున్నారు. వీలైనన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. కొన్ని ఉత్తరాలు మాత్రం నా చేత శాఖ తప్పులను ఒప్పించేవిగా ఉన్నాయి. వాటినీ పక్కన పెట్టలేదు.

మాది విజయవాడ కృష్ణలంక. 2024 సెప్టెంబరు వరదల్లో ఒక రాత్రి మా బంధువుల గ్రూపులో ఎవరిదో గొంతు వినిపించింది. "ప్రకాశం బ్యారేజీ కొట్టుకుపోయింది, గంటలో నీళ్లు వచ్చేస్తాయి, కట్టుబట్టలతో బయలుదేరండి" అని. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోశారు. తెల్లవారి చూస్తే బ్యారేజీ ఉన్నచోటే ఉంది. అప్పటి నుంచి మా పిల్లలు ఏ హెచ్చరిక వచ్చినా కొట్టిపారేస్తున్నారు. నిజంగా ప్రమాదం వచ్చిన రోజు మాకు ఎలా తెలుస్తుంది?
— ఒక గృహిణి, విజయవాడ

అమ్మా, ముందు ఒక మాట. ఆ రాత్రి మీరు బయలుదేరడం తప్పు కాదు. ఇంట్లో నడవలేని మనిషి ఉన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు. మీ పిల్లలకు ఈ మాట నేను చెప్పానని చెప్పండి.

ఇక ఆ కబురు సంగతి. అది పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2009 అక్టోబరు వరదను కూడా అది దాటింది. ఎగువన ఒడ్డుకు కట్టేసి ఉన్న బరువైన పడవలు తాళ్లు తెంపుకుని వచ్చి 67, 69, 70 గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. గేటును తేలికగా ఎత్తడానికి వీలుగా, తక్కెడలో రాయిలా, రెండో వైపు వేలాడే కాంక్రీటు దిమ్మెలు ఉంటాయి. మేం వాటిని కౌంటర్ వెయిట్ అంటాం. దెబ్బ తిన్నవి ఆ దిమ్మెలు. "దిమ్మె విరిగింది" అన్న మాట ఒక ఫోను దాటేసరికి "గేటు విరిగింది" అయి ఉంటుంది. ఇంకో ఫోను దాటేసరికి "బ్యారేజీ కొట్టుకుపోయింది" అయి మీ ఇంటికి చేరి ఉంటుంది.

ఇప్పుడు కాగితం మీద ఒక లెక్క వేద్దాం. మీ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి. ప్రకాశం బ్యారేజీ నిండుగా ఉంటే ఆపగలిగే నీరు సుమారు 3 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. సెకనుకు 11.43 లక్షల ఘనపుటడుగులు పారే నదిలో 300 కోట్ల ఘనపుటడుగులు దాటిపోవడానికి 45 నిమిషాలు కూడా పట్టదు. ఆ రోజు 70 గేట్లూ పైకెత్తి ఉన్నాయి. అంటే ఆ సమయంలో బ్యారేజీ వరదను ఆపి నిలబెట్టలేదు, దాని మానాన దాన్ని పోనిచ్చింది. ఒకవేళ ఒక గేటు మొత్తంగా పోయినా మీ వీధి దగ్గర నీటిమట్టంలో చెప్పుకోదగ్గ తేడా ఉండేది కాదు. మీకు భయం ఉండాల్సింది ఎగువ నుంచి వస్తున్న నీటి గురించి, ఆ నీటికీ మీ ఇంటికీ మధ్యనున్న రక్షణ గోడ గురించి.

ఇవేవీ చదువుకోనివారికి అర్థం కాని విషయాలు కావు. పొలానికి నీళ్లు పెట్టేవాళ్లందరికీ తెలిసిన లెక్కలే. ఆ రాత్రి ఎవరైనా నది ఒడ్డు కాలనీల్లో మైకు పెట్టి, "గేట్లన్నీ ఎత్తి ఉన్నాయి, దిమ్మెలు రెండు దెబ్బతిన్నాయి, ప్రవాహం ఇంత ఉంది, మళ్లీ గంటకు చెబుతాం" అని ఉంటే మీ అత్తగారిని కుర్చీలో మోయాల్సిన అవసరం వచ్చేది కాదు.

గుర్తు పెట్టుకోవలసిన అంకెలు రెండే. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 5.69 లక్షలకు చేరితే రెండోది. రేడియోలో, టీవీలో, జిల్లా యంత్రాంగం ప్రకటనల్లో ఈ మాటే వస్తుంది. వంటింటి గోడ మీద క్యాలెండరు పక్కన రాసి పెట్టుకోండి. ఏ కబురు వచ్చినా అందులో ఈ మూడింటి కోసం చూడండి: ఏ ఆనకట్ట, ఏ గంటకు, ఎన్ని క్యూసెక్కులు. ఈ మూడూ లేకుండా ఏడుపు గొంతు ఒక్కటే ఉంటే 1070కి ఫోన్ చేసి అడగండి. అది రాష్ట్ర విపత్తుల కేంద్రం నంబరు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. అదే వారం మీ ఊళ్లో నిజంగా మునిగినవి సింగ్ నగర్ వైపు కాలనీలు. వాటిని ముంచింది కృష్ణ కాదు, గట్లు తెగిన బుడమేరు వాగు. అంతా కృష్ణ వైపు చూస్తుంటే నీళ్లు వెనుక నుంచి వచ్చాయి. మీకు అబద్ధపు కబురు ఇంటికొచ్చి చేరింది. తమకు నిజమైన కబురే అందలేదని అక్కడివాళ్లలో చాలామంది బాధపడ్డారు. ఈ రెండూ ఒకే ఊళ్లో ఒకే వారంలో జరిగాయి. నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇది.

2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ గేటు పోయినప్పుడు మా ఊళ్లో సగం మంది ఇళ్లకు తాళాలు వేసి వెళ్లిపోయారు. ఒక గేటు పోతే మిగతా గేట్లన్నీ ఎత్తి నీళ్లు వదిలేశారు కదా, అది రైతులకు ద్రోహం చేయడానికేనని కొందరు ఇప్పటికీ అంటున్నారు. నిజమేనా?
— ఒక రైతు, కర్నూలు జిల్లా

మీ భయం నాకు తెలుసు. 2009 అక్టోబరు 2న కర్నూలు పట్టణం మునిగినప్పుడు మేడల మీద రాత్రంతా గడిపినవాళ్లు మా బంధువుల్లోనూ ఉన్నారు. ఒకసారి మునిగిన ఊరికి నది పేరు చెబితే చాలు, గుండె ఆగుతుంది. కబుర్లు పుట్టించేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. మొత్తం 33 గేట్లలో అది ఒకటి. ఆ ఒక్క ఖాళీ నుంచి సుమారు 35 వేల క్యూసెక్కులు పోయాయి. తుంగభద్ర లక్షల క్యూసెక్కులు మోసిన నది. 35 వేలతో మీ ఊరు మునగదు. డ్యామ్ గోడకు ఏమీ కాలేదు. "గేటు పోయింది" అనే మాటకూ "డ్యామ్ పోయింది" అనే మాటకూ మధ్య, ఇంటి కిటికీ రెక్క ఊడిపడటానికీ ఇల్లు కూలడానికీ ఉన్నంత తేడా ఉంది. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కూడా ఇలాగే పోయింది. ప్రాజెక్టు ఇప్పటికీ నిలబడి నీళ్లిస్తోంది.

మిగతా గేట్లు ఎందుకు ఎత్తారంటారా? రెండు కారణాలు. ఒక గొలుసు తెగిందంటే అదే వయసున్న మిగతా 32 గేట్ల గొలుసుల మీదా అనుమానం వస్తుంది. నీటి ఒత్తిడి తగ్గించకపోతే రెండో గొలుసూ తెగవచ్చు. రెండోది, ఆ ఖాళీని మూయాలంటే ఉక్కు పలకలను ఒకదాని మీద ఒకటి నీళ్లలోకి దించాలి. స్టాప్ లాగ్ అంటాం. నీరు ఉరకలు వేస్తుంటే పలక గాడిలో కూర్చోదు, కొట్టుకుపోతుంది. అందుకే మట్టం తగ్గించారు. గేట్ల పనిలో పండిపోయిన కన్నయ్యనాయుడు గారిని పిలిపించి, వారం తిరిగేలోపే, పారే నీళ్లలోనే పలకలు దించారు. జలాశయం పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకుండా ఆ పని చేయగలిగారు కాబట్టే మీకు కొంతైనా నీరు మిగిలింది. అది చూసి నాకు కళ్లు చెమర్చాయి. దాన్ని ద్రోహం అనకండి.

కానీ మీరు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. 70 ఏళ్ల నాటి గొలుసును చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఆ నివేదిక ఎక్కడుంది? ఆయకట్టు రైతుకు అది చూపించారా? ఈ ప్రశ్న మీ నీటి సంఘం తీర్మానంలో రాసి పంపండి. ద్రోహం అనే మాటకు ఎవరూ జవాబు చెప్పరు. గొలుసు తనిఖీ తేదీ అడిగితే చెప్పి తీరాలి.

కరెంటు తీసేసిన నీళ్లలో సత్తువ ఉండదని, అలాంటి నీళ్లకు పంట సరిగా పండదని మా తాతగారు అంటారు. ఎలా చెప్పి ఒప్పించాలి?
— ఇంటర్మీడియట్ విద్యార్థిని, నల్లగొండ

ఆయనను అడుగమ్మా: మన సాగర్ ఆయకట్టులో పండిన వడ్లు ఎప్పుడైనా సత్తువ లేకుండా ఉన్నాయా అని. శ్రీశైలంలో విద్యుత్ యంత్రాలను తిప్పిన నీళ్లే దిగువకు వచ్చి నాగార్జునసాగర్‌లో చేరుతున్నాయి. ఆ నీళ్లతోనే దశాబ్దాలుగా మీ జిల్లా వరి పండిస్తోంది. యంత్రం తీసుకునేది పైనుంచి కిందికి పడే జోరును. తిరగలి తిప్పితే తిప్పిన చేయి అలుస్తుంది కానీ పిండిలో బలం తగ్గదు కదా. తాతగారికి నా నమస్కారాలు చెప్పు.

మాది వేలేరుపాడు మండలం. పోలవరం ముంపు గ్రామం. ఒకరు 41.15 మీటర్లు అంటారు, ఇంకొకరు 45.72 అంటారు. మా ఊరు మునగదని ఒక సర్వే, మునుగుతుందని ఇంకో సర్వే. 2022 జులైలో మాత్రం నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి. మేం గట్టిగా అడిగితే "వదంతులు నమ్మకండి" అని పంపేస్తున్నారు. మేం అడిగేది వదంతా?
— ఒక ఉపాధ్యాయుడు, ఏలూరు జిల్లా

కాదు మాస్టారూ. ప్రశ్నను వదంతి అన్న రోజే నమ్మకం పోతుంది. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

ముందు ఆ అంకెల సంగతి. 45.72 మీటర్లు అంటే సరిగ్గా 150 అడుగులు. 41.15 మీటర్లు అంటే 135 అడుగులు. రెండూ సముద్ర మట్టం నుంచి లెక్క. 150 అడుగులు ప్రాజెక్టు పూర్తిగా నిండితే ఉండే మట్టం. 135 అడుగులు తొలి దశలో నిలబెడతామన్న మట్టం. ఎప్పుడో అడుగుల్లో అనుకున్నదాన్ని మీటర్లలోకి మార్చడం వల్ల ఈ దశాంశాలు వచ్చాయి. మొదటి నుంచీ "నూటయాభై అడుగులు, నూటముప్ఫయిఅయిదు అడుగులు" అని ఊళ్లో చెప్పి ఉంటే అవ్వలు కూడా గుర్తుంచుకునేవారు.

ఇక అసలు చిక్కు. ఎప్పటి నుంచో ఎవరూ మీకు విడమరిచి చెప్పనిది ఇదే. చెరువులో నీటి పైభాగం పళ్లెంలా సమంగా ఉంటుంది. పారే నదిలో అలా ఉండదు. ఆనకట్ట దగ్గర నీరు 135 అడుగుల వద్ద నిలిచినా, ఎగువకు పోయేకొద్దీ వరద రోజుల్లో మట్టం పెరుగుతూ పోతుంది. కాబట్టి 135 అడుగుల గీతకు పైన ఉన్న ఊరు కూడా పెద్ద వరదలో మునగవచ్చు. గీత గీసినవాళ్లు చెప్పింది నిలిచిన నీటి లెక్క. మీరు చూసింది పారే నీటి లెక్క. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. ఆ నీళ్లు మీ ఇళ్లలోకి రావడాన్ని కళ్లారా చూసిన మీకు, "మీ ఊరు గీతకు పైన ఉంది" అని కాగితం చూపిస్తే ఎలా నమ్ముతారు? నమ్మకూడదు కూడా.

ఇదీ మా శాఖ చేసిన పొరపాటు. ఒక్కో లెక్క ఒక్కో ఫైలులో పెట్టుకున్నాం. ఊరికి మాత్రం అవుననో కాదనో ఒక్క మాట చెప్పి వచ్చేశాం. మీరు అడగవలసింది ఇది: బడి గోడ మీద మూడు గీతలు గీయించండి. తొలి దశలో నీరు ఎక్కడిదాకా, పూర్తిగా నిండితే ఎక్కడిదాకా, 1986 అంత వరద వస్తే ఎక్కడిదాకా. ఆ ఏడాది ఆగస్టులో భద్రాచలంలో నీరు 75 అడుగులు దాటింది కాబట్టి లెక్కకు అంతకంటే పెద్ద ఆధారం అక్కర్లేదు. సర్వే బృందం ఊరి పెద్దల ఎదుట, పట్టపగలు, పరికరం పెట్టి ఆ గీతలు గీయాలి. పరికరంలోంచి మీరూ, మీ పదో తరగతి పిల్లలూ చూడాలి. గీసినవాళ్ల హోదా, తేదీ కింద రాయాలి. ఇది అడగడానికి మీకు చట్టం అండ ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం, ప్రజలను తాకే పెద్ద నిర్ణయాల వివరాలను ఎవరూ అడగకముందే బయట పెట్టాల్సిన బాధ్యత కార్యాలయానిదే. గ్రామసభ పెట్టి తీర్మానం చేయండి. నకలు నాకూ పంపండి. నేను ఇంకా ఫోన్ చేయగలిగిన అధికారులు కొందరున్నారు, వారితో మాట్లాడతాను.

మా కాలనీ దగ్గర పెద్ద వంతెన కడుతున్నారు. పునాదులకు బలి ఇవ్వడానికి పిల్లలను ఎత్తుకుపోతున్నారని పనిమనిషి చెప్పింది. నేను నమ్మను. కానీ బయటి రాష్ట్రాల కూలీలను చూసి అంతా భయపడుతున్నారు.
— ఒక తల్లి, హైదరాబాద్

ఈ కబురు చాలా పాతది. నా చిన్నతనంలో కాలువ మీద వంతెన కడుతుంటే మమ్మల్ని సాయంత్రం బయటికి పంపేవారు కాదు. నవ్వి వదిలేయవద్దమ్మా, ఇది మనుషులను చంపిన కబురు.

బంగ్లాదేశ్‌లో పద్మా నది మీద 6.15 కిలోమీటర్ల వంతెన కట్టారు. 2019 జులైలో, పని జోరుగా సాగుతున్నప్పుడు, వంతెనకు మనుషుల తలలు కావాలట, పిల్లలను ఎత్తుకుపోతున్నారట అనే కబురు దేశమంతా పాకింది. వంతెన అధికారులు అది అబద్ధమని ప్రకటన ఇచ్చారు. అప్పటికే ఆలస్యమైంది. ఢాకాలో ఒక తల్లి, తన బిడ్డను చేర్పించడానికి వివరాలు అడుగుదామని ఒక బడికి వెళ్లింది. కొత్త మనిషి కావడంతో పిల్లలను ఎత్తుకుపోయే ఆమె అనుకుని గుంపు కొట్టి చంపింది. అలా ఆ రోజుల్లో ఎనిమిది మంది చనిపోయారని పోలీసులు చెప్పారు. వారిలో ఎవరికీ పిల్లల అపహరణతో సంబంధం లేదని కూడా చెప్పారు. 2022 జూన్ 25న ఆ వంతెన తెరుచుకుంది.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఆదివారం నాడు కాలనీ వాళ్లు పదిమంది కలిసి ఆ పని దగ్గరకు వెళ్లండి. అక్కడి ఇంజినీరును అడిగితే పైల్, అంటే నేల లోతుకు వెళ్లే పునాది స్తంభం, ఎలా దించుతారో, ఇనుప చువ్వల పంజరం ఎలా కడతారో, కాంక్రీటు ఎలా పోస్తారో దూరం నుంచి చూపిస్తారు. పిల్లలకు హెల్మెట్లు పెట్టించి తీసుకెళ్లండి. మీ పనిమనిషిని ముందుగా తీసుకెళ్లండి. పునాదిలోకి ఏమేం వెళ్తుందో చూసినవాళ్లు ఆ కబురును ఇంకొకరికి చెప్పరు. ఆ కూలీలు కూడా ఎక్కడో పిల్లలను వదిలి వచ్చినవాళ్లే. వాళ్లతో ఒకసారి మాట్లాడండి.

మీరు వదంతుల గురించి రాస్తానన్నారని తెలిసి రాస్తున్నాను. మాది రాజంపేట వైపు, చెయ్యేరు ఒడ్డు. 2021 నవంబరు 19న మాకు ఏ వదంతీ రాలేదు. ఏ కబురూ రాలేదు.
— పేరు రాయవద్దన్నారు

ఇది ప్రశ్న కాదని తెలుసు. అయినా జవాబు చెప్పకుండా ఈ పేజీ ముగించలేను.

ఆ తెల్లవారుజామున పైన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీరు చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మీదికి వచ్చింది. వచ్చిన వరద గేట్లు వదలగలిగిన దానికంటే చాలా ఎక్కువ. ఉన్న అయిదు గేట్లలో ఒకటి పనిచేయని స్థితిలో ఉంది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లింది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే అది నిలవదు. ఇది మా చదువులో మొదటి పాఠం. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు గ్రామాలను ఆ నీరు ఊడ్చుకుపోయింది.

వదంతి తప్పుడు కబురు. దానికి విరుగుడు ఉంది. మౌనానికి లేదు. కట్ట మీద ఉన్నవాళ్లకు ప్రమాదం కనబడినప్పుడు, "జనం కంగారు పడతారు" అని ఆగే అలవాటు మాలో ఎప్పటి నుంచో ఉంది. కంగారు పడిన జనం తిట్టుకుంటూ ఇంటికి తిరిగి వస్తారు. తిట్టుకునే అవకాశం కూడా మీ వాళ్లకు దక్కలేదు. ఆ తర్వాత కొన్ని వారాలకే అమల్లోకి వచ్చిన 2021 నాటి డ్యామ్ భద్రత చట్టం, పెద్ద డ్యాములకు అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలంటోంది. ఏ గంటకు ఏ ఊరికి ఎవరు చెప్పాలి, నీరు ఎంతసేపటికి చేరుతుంది అన్నవన్నీ అందులో ఉండాలి. నది ఒడ్డున ఉన్న పాఠకులందరికీ నా విన్నపం: మీ ఎగువనున్న డ్యాము ప్రణాళికలో మీ ఊరి పేరు ఉందో లేదో అడగండి. మీ ఊరికి ఫోన్ చేయాల్సిన మనిషి పేరు, మీ ఊళ్లో ఆ ఫోన్ ఎత్తాల్సిన మనిషి పేరు పంచాయతీ గోడ మీద రాయించండి.

మీరు పోగొట్టుకున్నవారి పేర్లు ఉత్తరంలో రాశారు. వాటిని నా దగ్గరే ఉంచుకున్నాను.

సార్, నేను కొత్తగా ఏఈగా చేరాను. మధ్యతరహా ప్రాజెక్టు, మట్టికట్ట. వానలు పడ్డప్పుడల్లా కట్ట తెగిందని ఫోన్లలో వస్తుంది. నేను నిజం చెప్పాలంటే నా పై ఇంజినీర్లు డీఈ, ఈఈ, ఎస్ఈల అనుమతి కావాలి. అది వచ్చేలోపు అబద్ధం మండలం దాటుతుంది. ఏం చేయాలి?
— ఒక అసిస్టెంట్ ఇంజినీరు

నాయనా, నేను చేసిన తప్పు చెబుతాను. నువ్వు చేయవద్దు.

నేనూ ఏఈగా ఉన్న రోజులు. ఊరి పేరు చెప్పను. మట్టికట్ట. నిండా నీళ్లు. ఒక రాత్రి కట్ట పాదం దగ్గర ఊట కనబడింది. చూసి, పై అధికారికి చెప్పాను. "ఊళ్లో చెప్పకు" అన్నారు. ఊరివాళ్లు లాంతర్లతో వచ్చి అడిగితే, "ఏమీ లేదు, వెళ్లి పడుకోండి" అన్నాను. మూడో రోజు పశువులు మేపే కుర్రవాడు ఆ తడి చూశాడు. ఊళ్లో గోల పుట్టింది. ఊట ప్రమాదకరమైనది కాదు. అయినా అప్పటి నుంచి నేను ఏం చెప్పినా ఆ ఊరు నమ్మలేదు. తర్వాతి ఏడాది చిన్న జల్లు పడితే చాలు, పిల్లాపాపలతో గుట్ట ఎక్కి కూర్చునేవారు. ఒక ముసలావిడ ఆ గుట్ట మీద చలికి జ్వరం తెచ్చుకుంది. ఆ తప్పు నాది.

మా దగ్గర ఒక లష్కరు, అంటే కట్టకూ తూముకూ కాపలా కాసే మనిషి, ఉండేవాడు. ముప్ఫయి ఏళ్లు ఆ కట్ట మీద తిరిగినవాడు. అతనే దారి చూపించాడు. "సార్, ఒక గ్లాసు తెచ్చుకోండి" అన్నాడు. గాజు గ్లాసు. ఊట దగ్గర పెట్టి పట్టి, లాంతరు ముందు ఉంచాడు. నీరు తేటగా ఉంటే కట్ట చెమర్చిందంతే. ప్రతి మట్టికట్టా కొంత చెమరుస్తుంది. నీటిలో మట్టి కనబడితే మాత్రం కట్ట లోపలి నుంచి కరిగిపోతోందని అర్థం. ఇదంతా నేను కాలేజీలో చదువుకున్నదే. గ్లాసులో పట్టి చూపవచ్చని మాత్రం తట్టలేదు.

మరునాడు ఊరి పెద్దలను కట్ట మీదికి పిలిచాం. మొదట ఎవరూ రాలేదు. మూడోసారి పిలిస్తే ఇద్దరు వచ్చారు. గ్లాసు వాళ్ల చేతికే ఇచ్చాం. వాళ్లే పట్టారు, వాళ్లే లాంతరు ముందు పెట్టి చూశారు. నీటిమట్టం చూపే గేజి రాయి మీద అంకెలు చదవడం నేర్పాం. ఊళ్లో టీ కొట్టు పక్కన ఒక నల్లబల్ల పెట్టించాం. పొద్దున ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ లష్కరు మట్టం, వచ్చే నీరు, పోయే నీరు రాసేవాడు. ఊట ఉంటే ఊట ఉందని రాసేవాడు. దానికి నేను ఎవరి అనుమతీ అడగలేదు. గేజి అంకె రహస్యం కాదు. నువ్వూ అడగనక్కర్లేదని నా అభిప్రాయం. ఎవరైనా సంజాయిషీ అడిగితే ఈ పేజీ చూపించు.

నీకు ఫోను ఉంది కాబట్టి పని ఇంకా తేలిక. రోజూ అదే వేళకు గేజి రాయి ఫోటో, అంకె, నీ పేరు ఊరి గ్రూపులో పెట్టు. వాన లేని రోజుల్లోనూ పెట్టు. ఎండాకాలంలోనూ పెట్టు. ఎవరూ చూడని రోజుల్లో నువ్వు పెట్టిన అంకెలే వరద రోజు నీ మాటకు విలువ తెస్తాయి. తప్పు అంకె పెడితే దాన్ని తుడిచేయకుండా, కింద సరైనది రాసి "పొరపాటు పడ్డాను" అని రాయి.

ఆ ఊరి సంగతి పూర్తి చేస్తాను. బల్ల పెట్టిన మూడో ఏట, కార్తీక మాసంలో తుపాను పట్టింది. అర్ధరాత్రి దాటాక నా క్వార్టరు తలుపు ఎవరో కొట్టారు. తీస్తే, ఒకప్పుడు నన్ను నమ్మక గుట్ట ఎక్కిన పెద్దాయన. గోనెసంచి కప్పుకుని నిలబడ్డాడు. చేతిలో గాజు గ్లాసు, దాని మూతి మీద అరచేయి. "అయ్యా, తూముకు ఎడమ వైపు కొత్త ఊట. ఇది చూడండి" అన్నాడు. లాంతరు ముందు పెట్టాను. అడుగున వేలి మందాన ఎర్రమట్టి పేరుకుంది. నా మనుషులు ఎవరూ అది చూడలేదు.

ఊటను మూయకూడదు. మూస్తే అది ఇంకోచోట తన్నుకొస్తుంది. దాని చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలా కట్టి, లోపల ముందు ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆ పైన పెద్ద కంకర పరిచాం. నీరు పోవాలి, మట్టి ఆగాలి. కింది రెండు వీధులను ఆ పెద్దాయనే లేపి బడికి చేర్చాడు. ఆయన చెప్పాడని ఒక్కరూ ఎదురు ప్రశ్న వేయలేదట. బస్తాలు మోసింది ఆ ఊరి యువకులే. నాలుగున్నరకు మళ్లీ గ్లాసు పెట్టి పట్టాం. నీరు తేటగా వచ్చింది. ఆరింటికి లష్కరు వెళ్లి బల్ల మీద ఉన్నది ఉన్నట్టు రాశాడు.